నీలం బుక్కు వాళ్లు ఒమీత్‌లో ఆగాలి

జులై 6, ఆదివారం

మహీకి వైజాగ్ ఖాయమైంది. వాళ్ల కంపెనీ అక్కడ కొత్త డేటా సెంటర్ పెడుతోందిట. ఇక్కడి క్లోనీ సెంటర్లో ఇన్నేళ్లు చేసి చెయ్యి తిరిగినవాళ్లు కావాలిట. వాళ్లేం బలవంతపెట్టలేదు, తనే అడిగి వేయించుకున్నాడు. ఆగస్టు ముప్ఫైన ప్రయాణం. నేను వెళ్లట్లేదు.

రాసి చూసుకుంటే ఎలా ఉంటుందో అనుకున్నా. మామూలుగానే ఉంది.

గొడవేం పడలేదు. అన్నంలో పప్పు కలుపుకుంటూ చెప్పాడు. "మంచిదేగా" అన్నాను. పప్పులో ఉప్పు తగ్గిందన్నాడు. నాకు సరిపోయిందన్నాను. అంతే. నన్ను రమ్మని అడగలేదు, రానని తెలుసు కాబట్టి. నేనూ ఉండమని అడగలేదు, ఉండడని తెలుసు కాబట్టి. తెలిసిన సంగతులు మళ్లీ అడిగి చెప్పించుకోవడం దేనికి, పనీపాటా లేనట్టు.

పిల్లల్లేరు కాబట్టి పంచుకోవాల్సినవి సామాన్లే. గ్రైండర్ బరువు, పట్టుకెళ్లడు. కుక్కర్లు అక్కడ దొరుకుతాయి. ఆ లెక్కన ఇల్లంతా నాదే.

జులై 9, బుధవారం

ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ముందు చాముండేశ్వరి ఆంటీ ఫోన్ చేసింది. మేముండే ఈ ఐరిష్ ఊరు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మన తెలుగువాళ్లకి ఆవిడే పెద్దదిక్కు. ఎవరింట్లో పాలు పొంగించినా, ఎవరికి పురుడొచ్చినా ఆవిడ ఉండాల్సిందే. ప్రతి వేసవికీ మమ్మల్నందర్నీ ఎక్కడికో ఒకచోటికి ఈడ్చుకెళ్తుంది.

"ఈసారి సైకిళ్లమ్మా" అంది.

"ఆంటీ, మీ మోకాళ్లు?"

"కరెంటు సైకిళ్లే పిల్లా. అవే తొక్కుతాయిట, మనం కూర్చుంటే చాలుట. కార్లింగ్‌ఫర్డ్‌లో అద్దెకిస్తారు. అక్కడ అగ్నిపర్వతం ఉందిట కదా?"

ఉంది, ఆరు కోట్ల ఏళ్ల కిందట ఆరిపోయింది అని చెప్పాను.

"ఆరిపోతే మంచిదేగా. వంట మనమే చేసి పట్టుకెళ్దాం" అంది. ఆవిడతో ఎలా వేగాలి!

ఇరవయ్యో తారీఖు, ఆదివారం. మేమిద్దరం తప్పకుండా రావాలిట. దారి చూడాల్సింది మహీధరేనట. సరేనన్నాను. అప్పటికి ఇంకా ఇద్దరమే కాబట్టి అబద్ధం కాదు.

జులై 11

నేనేమీ అడగను.

జులై 13, ఆదివారం

మహీకి ఈ దేశం పడలేదు. పడలేదని పైకి ఒక్కరోజూ అనడు, అదే నాకు ఒళ్లు మంట. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానని ఇక్కడివాళ్లలాగే "గ్రాండ్" అంటాడు. కాలేజీలో నాకు తెలిసిన మహీధర్ క్యాంటీన్లో బెంచీ ఎక్కి మాట్లాడేవాడు. ఇక్కడ పక్కింటాయనతో వాన గురించి తప్ప మాట్లాడగా నేను వినలేదు. కాకినాడ నుంచి వాళ్లవాళ్లు ఫోన్ చేస్తే మాత్రం గొంతు లేస్తుంది. మేడ మీదున్నా వినపడుతుంది.

నాకిక్కడ హాయిగా ఉంది. ఏం హాయి అంటే చెప్పలేను. ఆదివారం పొద్దున్నే ఒక్కదాన్నీ ఈతకి పోతాను, ఎక్కడికని అడిగేవాళ్లు లేరు. ల్యాబ్‌లో నేను సంతకం పెట్టకపోతే మందు బయటికి పోదు. అక్కడికెళ్తే మళ్లీ ఫలానావారి కోడల్ని.

నాలుగేళ్ల కిందట నేను ఐరిష్ పాస్‌పోర్టు తీసుకున్నాను. మనవాళ్ల భాషలో ఎర్ర బుక్కు. రెండూ ఉంచుకోనివ్వరు కాబట్టి ఇండియాది, నీలం బుక్కు, ఇచ్చేశాను. మహీ వచ్చి ఫొటోలు తీశాడు. "మరి నువ్వెప్పుడోయ్?" అని అందరూ అడిగారు. "నాకు నీలమే నప్పుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే అర్థం కావాల్సింది, బుద్ధిలేనిదాన్ని.

నీలం బుక్కు వాళ్లకి ఒక్కటే ఇబ్బంది. ఉత్తరం వైపు సరిహద్దు దాటకూడదు, అవతలిది బ్రిటన్ కాబట్టి దాటాలంటే వాళ్ల వీసా ఉండాలి. అక్కడ గేటూ ఉండదు, గోడా ఉండదు. ఉండదు కాబట్టే మహీకి హడలు. సరిహద్దుకి ముందుండే డండాక్ దాటితే చాలు స్టీరింగ్ బిగించి పట్టుకుంటాడు. బెల్‌ఫాస్ట్ వెళ్లే బస్సుల్లో గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, ఎక్కి మన మొహాలు చూసి కాగితాలడుగుతారని ఎవరో చెప్పారు, అప్పట్నుంచి మరీను. ఇక్కడికొచ్చిన పదకొండేళ్లలో ఒక్కసారి కూడా అటు అడుగు పెట్టలేదు. ఒకసారి దారి తప్పి మోటార్‌వేలో ఆఖరి మలుపు దాకా వెళ్లిపోతే, తిప్పుకొచ్చి పెట్రోల్ బంకులో కారాపి పావుగంట కూర్చున్నాడు. నేను చిప్స్ తిన్నాను.

జులై 17

లీజు నా ఒక్కదాని పేరు మీదకి మార్చమని ఇంటివాళ్లకి చెప్పాం. అలాగేనన్నారు. నిద్ర బాగానే పడుతోంది.

జులై 19, శనివారం

పులిహోర కలిపాను. మహీ నిమ్మకాయలు పిండాడు. చింతపండు పులిహోరలో నిమ్మకాయ దేనికి అన్నాను. "రేపు ఎత్తు మీద ఉంటాం, నిమ్మకాయ ఉంటే నిలవుంటుంది" అన్నాడు. కొండెక్కితే పులిహోర పాడవుతుందని ఏ ఇంజనీరింగులో చెప్పారో. పిండేశాడు. రుచి చూస్తే బాగానే ఉంది. ఆ మాట తనతో అనలేదు.

జులై 21, సోమవారం

ఇవాళ సెలవు పెట్టాను. తొడలు రెండూ పట్టేశాయి. మెట్లు దిగాలంటే ప్రాణం మీదికొస్తోంది. నిన్నటిది రాయాలి.

ఆరుగురం వెళ్లాం. ఆంటీ, వాళ్లాయన కృష్ణమూర్తి అంకుల్, కొత్త జంట రోహిత్, సుధేష్ణ, మేమిద్దరం. రోహిత్ వాళ్లు పోయిన ఏడాదే వరంగల్ నుంచి వచ్చారు. సైకిల్ ఎక్కకముందే అరవై ఫొటోలు దిగారు.

సైకిళ్లిచ్చే అతని పేరు ఫర్గల్. ఎర్ర గడ్డం, మంచివాడు. నెమ్మదిగా పోయే ఎకో మీద తొక్కితే బ్యాటరీ రోజంతా వస్తుంది, జోరుగా పోయే టర్బో నొక్కితే మధ్యాహ్నానికి ఖాళీ అని చెప్పాడు. అప్పుడు మా కారు డిక్కీ తెరిచాం. పులిహోర గిన్నె, పెరుగన్నం క్యాను, దొండకాయ వేపుడు, అరటిపళ్లు, స్టీలు గ్లాసులు. కాగితం గ్లాసులు ఆంటీ ముట్టుకోదు.

"పెళ్లికా?" అన్నాడు ఫర్గల్.

"నువ్వూ రా బాబూ" అంది ఆంటీ, తెలుగులోనే. అతనికి అర్థమైనట్టే నవ్వాడు.

వెనకాల వెడల్పు స్టాండున్న సైకిల్ నాదొక్కటే. అన్నీ దానికే కట్టారు. మహీ తాళ్లతో బిగించాడు, చుట్టూ తిరిగి లాగి చూశాడు, మళ్లీ బిగించాడు. "టర్బో నొక్కకు. ఇంత బరువుతో బ్యాటరీ ఆగదు. ఎకోలోనే తొక్కు."

"ఎత్తెక్కేటప్పుడు?"

"ఎత్తెక్కేటప్పుడూ ఎకోనే. మెల్లిగా ఎక్కు, ఏం తొందర?"

మొదటి మలుపు తిరగ్గానే టర్బో నొక్కాను. నొక్కొద్దన్నాడు కాబట్టే నొక్కాను. సైకిల్ ఎవరో వెనకనుంచి తోసినట్టు పోయింది. గిన్నె మూత గలగలమంటోంది. అంకుల్ని దాటేశాను, కొత్త జంటని దాటేశాను. ముందు మహీ పోతున్నాడు, నారింజ రంగు హెల్మెట్, వీపు నిటారుగా. పక్కకొచ్చి దాటాను. "మైథిలీ!" అన్నాడు. నేను వెనక్కి చూడలేదు.

చాలా బాగుంది ఆ దారి. ఉన్నమాట రాసుకోవాలి. ఒక పక్క స్లీవ్ ఫోయ్ కొండ, నల్ల రాయి, పైదాకా గరుకుగా. అంతా ఒకప్పుడు నిప్పుట. ఇప్పుడు దాని మీద ఫెర్న్ మొక్కలు, అక్కడక్కడ ఊదా రంగు పూలు. రాళ్లు పేర్చిన గోడలు, వాటి వెనకాల గొర్రెలు. గొర్రెల వీపుల మీద కొన్నిటికి ఎర్ర రంగు, కొన్నిటికి నీలం రంగు వేసి ఉంది. ఎవరి మంద వాళ్లకి తెలియడానికిట. ఆంటీ బ్రేకేసి దిగింది. "చూశారా, వీటికి కూడా ఇచ్చేశారు పాస్‌పోర్టులు!" రోహిత్ పడీపడీ నవ్వాడు. మహీ కూడా నవ్వాడు.

ఎత్తు ఎక్కీ ఎక్కీ విండీ గ్యాప్ అనే చోటికి చేరాం. పేరుకి తగ్గట్టే గాలి, నిలబడనివ్వలేదు. అక్కడ ఒక రాళ్లకుప్ప, పక్కన పలక. స్పెయిన్ నుంచి ఒక పొడుగావిణ్ణి పెళ్లాడి తీసుకొచ్చాడుట ఈ ఊరాయన. అక్కడ నిలబడితే కంటికి కనపడేంత మేరా నాదే అని చెప్పాడుట. తీరా వస్తే చుట్టూ రాళ్లే, గట్టిగా వంద గజాలు కూడా కనపడదు. ఆవిడ అది చూసి అక్కడికక్కడే కూలిపోయిందిట. అక్కడే పూడ్చారు.

సుధేష్ణ "అయ్యో పాపం" అంది.

మహీ నా పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు, "నిన్నిక్కడికి తెచ్చింది నేనే కదా. నువ్వు సుబ్బరంగా బతికావు. కూలింది నేను."

నవ్వుతూనే అన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి అన్నాడు. "గిన్నె తాడు వదులైంది, చూడు" అన్నాను. చూశాడు, బిగించాడు.

అక్కణ్ణుంచి దిగుడే. నీళ్లు కనపడ్డాయి, లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, అవతలి ఒడ్డున ఇంకో వరస కొండలు. అవి వేరే దేశం. చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. కిందికి దిగి, ఇవతలి ఆఖరి ఊరు ఒమీత్‌లో నీళ్ల పక్కన కూర్చుని తిన్నాం. పులిహోర అందరూ మెచ్చుకున్నారు. "నిమ్మకాయ పిండావా ఏంటే, భలే ఉంది" అంది ఆంటీ. "మహీ పిండాడు" అన్నాను.

తిన్నాక ఆంటీ లేచి నడుం బిగించింది. "ఎర్ర బుక్కు వాళ్లు పదండి, అవతల కాలవ లాకుల దాకా వెళ్లి కాఫీ తాగొద్దాం. ఈ పాత రైలు కట్ట మీదుగానే దారి. నీలం బుక్కు వాళ్లు ఒమీత్‌లో ఆగాలి, గిన్నెలు కడగాలి." ఎప్పుడూ ఉండే వేళాకోళమే. డండాక్ దాటి ఎటెళ్లినా మావాళ్లు ఇలాగే రెండు ముక్కలవుతారు, సగంమంది దాటుతారు, సగంమంది ఐస్‌క్రీం తింటారు. మహీ అప్పటికే గ్లాసులు ఏరుతున్నాడు. నేను సైకిలెక్కాను. బ్యాటరీ గుర్తు ఎర్రగా ఉంది. చూశాను, పట్టించుకోలేదు.

సరిహద్దు ఎక్కడొచ్చిందో ఎవరూ చెప్పలేదు. పక్కనున్న రోడ్డు అంచు గీత పసుపుది కాస్తా తెల్లగా మారింది. బోర్డు మీద కిలోమీటర్లు పోయి మైళ్లొచ్చాయి. వేరే దేశం నెట్‌వర్కని ఫోన్ ఒకసారి గుర్రుమంది. అంతే. దీనికేనా మహీ పదకొండేళ్లు హడలిపోయింది అనుకున్నాను.

కాఫీ తాగాక అంకుల్ వాళ్లు వెనక్కి తిరిగారు. నేనింకాస్త ముందుకెళ్లొస్తానన్నాను. ఒక్కదాన్నీ తొక్కాలనిపించింది. ఇకముందు ఒక్కదాన్నే కదా, అలవాటు చేసుకుందామని కూడా కావచ్చు. కాలవ పక్కన కొంత దూరం పోయానో లేదో సైకిల్ చప్పబడిపోయింది. బ్యాటరీ పోయాక ఆ సైకిల్ సైకిల్ కాదు, ఈనబోయే గేదె. తొక్కాను, కదల్లేదు. దిగి తోశాను, చెప్పు జారింది.

మహీకి ఫోన్ చేశాను. ఎందుకు తనకే చేశానో తెలీదు. ఆంటీ దగ్గర్లోనే ఉంది, ఆవిడకి చెయ్యొచ్చు. వేళ్లకి అలవాటు.

"బ్యాటరీ అయిపోయింది" అన్నాను.

"టర్బో?"

"ఊఁ."

"ఎక్కడున్నావు?"

"లాకులు దాటి."

"అక్కడే ఉండు."

ఆంటీనో అంకుల్నో పంపుతాడనుకున్నాను. దారి పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి దూరంగా నారింజ రంగు కనపడింది. అది మహీ హెల్మెట్ అని కళ్లకి తెలుస్తోంది, నమ్మకం కుదరట్లేదు. లేచి నిలబడి పిచ్చిదానిలా అరిచాను, "మహీ, ఇది అవతల! ఇది అవతలి వైపు!"

"తెలుసు" అన్నాడు. దిగాడు. నా బ్యాటరీ పీకి చూశాడు, మళ్లీ పెట్టాడు. "నా సైకిలెక్కు. దీన్ని నేను తొక్కుతాను."

అప్పుడు నాకెంత సంతోషమేసిందో! ఇక్కడ కూడా రాసుకోకపోతే ఇంకెక్కడ రాసుకుంటాను. మోటార్‌వే మలుపు నుంచి తిప్పుకొచ్చి పెట్రోల్ బంకులో కూర్చుండిపోయిన మనిషి, నా కోసం, ఎవరినీ అడక్కుండా, ఏ కాగితం లేకుండా గీత దాటేశాడు. ఏడుపొచ్చింది. అడగను అడగను అని ఎన్నిసార్లు అనుకున్నానో అదంతా ఎగిరిపోయింది.

"ఉండిపో మహీ" అన్నాను.

"ఏంటి?"

"వైజాగ్ వెళ్లకు. నాతో ఉండిపో."

సైకిల్‌కి స్టాండేసి నా పక్కన కూర్చున్నాడు. హెల్మెట్ తీశాడు. జుట్టంతా తడిసి అంటుకుపోయి ఉంది.

"నేనిలా వచ్చానని అడుగుతున్నావా?"

"ఆఁ. నా కోసం వచ్చావు కదా."

"నీ కోసమే వచ్చాను. కానీ మైథిలీ, మొన్న మార్చిలో, ఈ వైజాగ్ మాట రాకముందైతే, రాలేకపోయేవాణ్ణి. ఆంటీని పంపి నేను ఒడ్డున నిలబడేవాణ్ణి. ఇందాక తొక్కుకుంటూ వస్తుంటే చూసుకున్నాను, భయమే లేదు. ఏం చేస్తారు వీళ్లు? పట్టుకుంటే పంపించేస్తారు. నేను పోయేవాణ్ణేగా!"

నవ్వాడు. అది క్యాంటీన్ నవ్వు. నేను ఇక్కడ ఒక్కసారి కూడా చూడని నవ్వు. నా కోసం అంత దూరం రాగలిగింది వెళ్లిపోతున్నాడు కాబట్టి. ఉండేవాడైతే రాలేడు. ఆ మొహం చూశాక ఇంకోసారి ఉండమని అడగలేదు.

"సరే, నేనూ అడుగుతున్నాను" అన్నాడు. "నువ్వొచ్చెయ్. నాతో వచ్చెయ్ మైతూ."

ఈ మాట కోసం రెండు వారాలుగా కాచుక్కూర్చున్నానని అప్పుడు తెలిసింది. వింటే చాలు వెళ్లిపోతానేమో అని కూడా లోపలెక్కడో ఉండేది. విన్నాను. కాలవలో ఒక బాతు పిల్లల్నేసుకుని పోతోంది. ఆదివారం ఈత, ల్యాబ్, నా గది కిటికీ, అన్నీ ఒకటి తర్వాత ఒకటి కళ్లముందుకొచ్చాయి.

"మహీ, నాకిక్కడ..." అన్నాను.

"తెలుసు" అన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత తనే లేచి, "పద, ఫర్గల్ ఆరింటికి షాపు కట్టేస్తాడు" అన్నాడు.

నేను తన సైకిల్ మీద, తను నా గేదె మీద. రొప్పుతున్నాడు, వగరుస్తున్నాడు, మధ్యలో దిగి తోస్తున్నాడు. మార్చుకుందామంటే వినడు. తెల్ల గీత పసుపైన చోట నేను సైకిలాపాను. తను ఆపలేదు, చూసుకోనేలేదు.

ఒమీత్‌లో రోహిత్ ఎదురొచ్చాడు, మొహం పాలిపోయి. "అన్నా, నువ్వు పోయినవా అవతలికి! గార్డులు చూస్తే ఎట్ల?"

"చూస్తే టికెట్ డబ్బులు మిగిలేవి" అన్నాడు మహీ.

వాళ్లెవరికీ అర్థం కాలేదు. నేనొక్కదాన్నే నవ్వాను, ఆపుకోలేక నవ్వాను. ఆంటీ నన్నూ తననీ మార్చి మార్చి చూసింది. అప్పుడు మహీ చెప్పాడు, "వైజాగ్ వెళ్లిపోతున్నానాంటీ. వచ్చే నెలాఖరుకి. మైథిలి ఇక్కడే ఉంటుంది."

కారణమేంటో ఆంటీ అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నా హెల్మెట్ క్లిప్పు తనే తీసి, చీర చెంగు లేదు కాబట్టి చున్నీ కొసతో నా మొహం తుడిచింది. "ఎండకి మాడిపోయావు" అంది. ఎండ లేదు.

జులై 22

తను అడిగాడు, కాదన్నాను. నేను అడిగాను, కాదన్నాడు. ఇప్పుడు ఎవరి మీదా కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

జులై 27, ఆదివారం

ఈతకి వెళ్లాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. తొందరగా వచ్చేశాను.

ఆగస్టు 10, ఆదివారం

మహీ సూట్‌కేసు సర్దుతూ పాటలు పాడుతున్నాడు. గొంతు బాగుండదు. ఇన్నాళ్లూ బాగుండదని చెప్పి నేనే మాన్పించానేమో, గుర్తులేదు. ఇవాళ చెప్పలేదు. వంటింట్లోకి వచ్చి, అలమారలో ఏ డబ్బా ఎక్కడుందో అన్నీ నాకే చూపించాడు, ఆ డబ్బాలన్నీ సర్దింది నేనైతే.

ఆగస్టు 22

బాగానే ఉన్నాను. నిద్ర పట్టట్లేదు.

ఆగస్టు 30, శనివారం

వెళ్లాడు.

ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లే లైన్ దాకా వెళ్లాను. ఆంటీ కట్టిచ్చిన చేగోడీలు బ్యాగులో పట్టక చేత్తో పట్టుకున్నాడు. "డిసెంబర్లో ఒకసారి రా. బీచ్ చూపిస్తా" అన్నాడు, నేనెప్పుడూ వైజాగ్ బీచ్ చూడనట్టు. చదువుకున్నదే అక్కడ ఇద్దరం.

"వస్తాలే. టికెట్లు చూస్తా."

"టికెట్ సరే. వీసా?"

అప్పుడు వెలిగింది ఇద్దరికీ. నాది ఎర్ర బుక్కు. వీసా లేకపోతే వైజాగ్‌లో నన్ను దిగనివ్వరు. వీసా అక్కర్లేకుండా మనవాళ్లందరూ తీసుకునే ఆ ఓసీఐ కార్డేదో తీసుకోమని ఆంటీ నాలుగేళ్లుగా పోరుతోంది, రేపు మాపు అని బద్ధకించాను, ఈ నాలుగేళ్లలో అటు వెళ్లిందీ లేదు. తనకి బెల్‌ఫాస్ట్ ఎలాగో నాకు వైజాగ్ అలాగ. నవ్వు మొదలైంది, ఆగలేదు. లైన్లో వాళ్లు తిరిగి చూశారు. ఎవరో పెద్దావిడ మమ్మల్ని చూసి ముచ్చటపడి నవ్వింది కూడా. కొత్తగా పెళ్లయినవాళ్లం అనుకుందో ఏమో ఖర్మ.

"నేనంటే సైకిలేసుకుని వచ్చేశాను. నీకు కుదరదు" అన్నాడు.

"కుదరదు" అన్నాను.

నవ్వుతూనే ఉన్నాం. తర్వాత తను నవ్వట్లేదు. దగ్గరికి తీసుకున్నాడు. చేగోడీల ప్యాకెట్టు నా వీపుకి గుచ్చుకుంది. లోపలికి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు, రెండుసార్లు. కారు పార్కింగులో కూర్చుని ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. బయటికి వెళ్లే గేటు దగ్గర డబ్బులెక్కువ కట్టాల్సొచ్చింది.

సెప్టెంబర్ 3

ఉద్యోగంలో చేరాడు. ఫోన్లో గొంతు, ఇక్కడ మేడ మీదికి వినపడే ఆ గొంతే. పక్కనెవరో నవ్వుతున్నారు. తనకిక్కడ పదకొండేళ్లలో పక్కన నవ్వేవాళ్లు ఎవరూ లేరు, నేనున్నాననుకున్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఈతకి వెళ్లలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు.

సెప్టెంబర్ 11, గురువారం

వీసా సంగతి ఆంటీకి అప్పజెప్పాను. ఆవిడకి పండగొచ్చినట్టయింది. అవసరమైన కాగితాలన్నీ మొదలుపెట్టించేసింది, ఫొటో బాగాలేదని రెండోసారి తీయించింది కూడా.

ఇవాళ ల్యాబ్‌లో సెలవు అడిగాను. మా మేనేజర్ గ్రాన్యా, నాకంటే చిన్నది, మంచి పిల్ల. డిసెంబర్లో ఇండియా వెళ్తానని చెప్పాను.

"అలాగే. రెండు వారాలా?" అంది, కంప్యూటర్‌కేసి చూస్తూ.

రెండు వారాలే అడుగుదామని వెళ్లాను. "ఆరు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

గ్రాన్యా తలెత్తింది. తను అడగలేదు ఎందుకని. "గ్రాండ్, సర్దుకుందాం" అంది, రాసుకుంది. నేను లేచాను. తలుపు దాకా వచ్చాను. వెనకనుంచి నవ్వుతూ, ఊరికే, మాటవరసకి అడిగింది, "మళ్లీ మా దగ్గరికి తిరిగొస్తావు కదా, మైథిలీ?"

వెంటనే ఆఁ అనాల్సింది. ఇన్నేళ్లుగా నన్ను ఎవరడిగినా ఆ ఒక్కదానికి మాత్రం నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గ్రాన్యా నవ్వు మానేసింది.